ఒక్క చుట్టులో మెరిసిన చుక్క

నోయెన్‌జీల్ రేవు,
నవంబరు మొదటి వారం

అమ్మా తాల్కె,

ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినపడదు. నేను అరిస్తే నీకు చెవులు గింగురుమంటాయి. పడవ ఇంజను పక్కన బతుకంతా గడిపినవాడి చెవులు ఇంతకంటే బాగుండవు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు.

మీ అక్క దగ్గరికి వెళ్ళిపోతూ ఇంటి తాళాలు నా చేతిలో పెట్టావు కదా, చలికి నీళ్ళ గొట్టాలు పగలకుండా రోజూ వెళ్ళి ఇల్లు వెచ్చబెట్టి వస్తున్నాను. నిన్న ఊరికే కూర్చోబుద్ధి కాక రెమ్మర్ కంప్యూటరు తెరిచాను. నీళ్ళ అడుగున తిరిగే ఆ జలాంతర్గామి ఆట ఉందే, గాలివాన రోజుల్లో నా కొడుకు దానికే అతుక్కుపోయేవాడు. "ఈ వయసులో ఆటలేంట్రా" అని నేను తిట్టేవాణ్ణి. అది తెరుచుకుంది. వాడు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది. సముద్రం మధ్యలో, నీళ్ళ కింద.

ఇప్పుడు అసలు సంగతి. అందులో రాడార్ దగ్గర కూర్చునే చోటు ఒకటి ఉంటుందని వాడు అంటుండేవాడు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. పొద్దున్నించీ వంటగదిలోకీ ఇంజను గదిలోకీ తిరుగుతున్నాను. నువ్వు వాడి వెనక కూర్చుని ఊలు అల్లుకుంటూ చూసేదానివి కదా. ఎలా వెళ్ళాలో రాయి.

ఎందుకని అడగవు కదా?

మీ మామయ్య
ఫోల్కెర్ట్


గోటింగెన్,
నవంబరు ఆఖరు

మామయ్యా,

మీ చేతిరాత చూసి అక్క భయపడింది, మీకేమన్నా అయిందేమోనని. మీరు ఉత్తరం రాయడం నా పెళ్ళికి కూడా జరగలేదు మరి.

రాడార్ సంగతి. ముందు జలాంతర్గామిని పైకి తేవాలి. మునిగి ఉంటే రాడార్‌కు ఏమీ కనిపించదు, దాని కొమ్ము నీళ్ళ పైకి రావాలి. పైకి వచ్చాక తెర కింద వరసగా మనుషుల బొమ్మలుంటాయి. చెవులకు తొడుగులు పెట్టుకున్నవాడు శబ్దాలు వినేవాడు. వాడి పక్కన గుండ్రటి అద్దం ముందు కూర్చున్నవాణ్ణి నొక్కండి. చీకటి గదిలోకి వెళతారు. పచ్చటి అద్దం మీద గీత గడియారం ముల్లులా తిరుగుతుంటుంది. ఎడమ వైపు చిన్న పిడి దగ్గరా దూరమూ మార్చేది. పెద్ద పిడి జోరు పెంచేది, ఎక్కువ పెంచితే అలలు కూడా చుక్కల్లా మెరుస్తాయి, అద్దమంతా అన్నం మెతుకులు చల్లినట్టు అయిపోతుంది.

ఇంత నాకెలా గుర్తుందో నాకే తెలియదు. ఆ ఆట అంటే నాకు ఒళ్ళుమంట.

ఎందుకని అడుగుతున్నాను మామయ్యా. ఎందుకు?

నేను ఇక్కడ బడి వంటశాలలో పనికి చేరాను. పిల్లలు బఠాణీలు తినరు, బల్లల కింద అంటిస్తారు. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు. రాత్రి పడుకుంటే నీళ్ళ చప్పుడు లేదు. నాకు అదే కావాలి.

తాల్కె


నోయెన్‌జీల్,
డిసెంబరు

తాల్కె,

దొరికింది. దొరికిందే కాదు, అక్కడ నేనే ఉన్నాను.

నీకు తెలుసా? వాడు ఆ పడవలో మనుషులందరికీ మన పేర్లు పెట్టుకున్నాడు. రాడార్ దగ్గర కూర్చున్నవాడి పేరు ఫోల్కెర్ట్. నైపుణ్యం అర నక్షత్రం! బతుకంతా సముద్రం మీద గడిపితే కొడుకు దగ్గర నాకు దక్కింది అర నక్షత్రం. వంటవాడి పేరు తాల్కె, నీకు నాలుగున్నాయి. కుర్చీలో కూర్చుని ఎంతసేపు నవ్వానో, తర్వాత ఏమైందో నీకు చెప్పను.

ఆడుతున్నాను. మునిగిపోతున్నాను. ప్రతిసారీ అదే తంతు. పైకి వస్తాను, రాడార్ వేస్తాను, దూరంగా ఓడలు చుక్కల్లా కనిపిస్తాయి, నిమ్మళంగా చూస్తూ కూర్చుంటాను, ఎక్కడి నుంచో విమానం వచ్చి బాంబులు వేస్తుంది. చీకట్లో, పొగమంచులో కూడా నన్ను ఎలా పట్టుకుంటున్నారు? అదొక్కటీ అర్థం కావడం లేదు.

ఇక ఎందుకని అడిగావు. చెబుతాను. మార్చి నెల పొగమంచులో కలప మోసుకెళ్ళే ఆ ఓడ రెమ్మర్ ఉన్న మన పడవ 'గెసీన'ను గుద్ది, గుద్దినట్టు కూడా తెలియకుండా వెళ్ళిపోయింది. విచారణవాళ్ళు ఏం రాశారు? మన పడవ ఉనికిని చుట్టుపక్కల ఓడలకు చెప్పే పెట్టె ఆపేసి ఉందట, కొయ్య పడవ కాబట్టి అలల మధ్య రాడార్‌లో కనిపించి ఉండకపోవచ్చట, కాబట్టి ఓడది తప్పు కాదట. నా పడవలో రాడార్ చూసి చూసి నా కళ్ళు పోయాయి, కానీ ఎదుటివాడి అద్దంలో నేనెలా కనిపిస్తానో ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ ఆటలో అవతలి కుర్చీలో కూర్చోవచ్చు. పొగమంచు పెట్టొచ్చు, అలలు పెట్టొచ్చు, చిన్న చేపల పడవను పెట్టొచ్చు అని వాడు ఒకసారి చెప్పాడు.

నేను చూడాలి. కనిపిస్తుందా లేదా.

ఫోల్కెర్ట్


గోటింగెన్,
జనవరి

మామయ్యా,

మీరు పట్టుబడేది అందుకే: రాడార్ వేయడమంటే చీకట్లో దీపం పట్టుకోవడమే. దీపం వెలుగులో మీకు ఎదుటివాళ్ళు కనిపిస్తారు, దీపం ఎక్కడుందో అందరికీ కనిపిస్తుంది. రెమ్మర్ గీతను రెండు మూడు చుట్లు తిరగనిచ్చి, చుక్కలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని, వెంటనే ఆపేసేవాడు. ఆపేసి మునిగిపోయేవాడు. "కనిపించకూడదంటే నోరు మూసుకోవాలి తాల్కె, అంతే" అనేవాడు.

ఇంతకంటే నాకేమీ గుర్తు లేదు.

పడవలనూ పొగమంచునూ మనమే పెట్టుకోవాలంటే, ఆట మొదలయ్యే తెర మీద కింద మూల సుత్తి బొమ్మ ఉంటుంది, అది నొక్కాలి. కానీ మామయ్యా, ఆటలో చూసింది చూపిస్తే విచారణలో ఎవరు ఒప్పుకుంటారు? మీరు చలిలో ఆ ఖాళీ ఇంట్లో అలా కూర్చోవడం నాకు నచ్చలేదు. టీ కాచుకుంటున్నారా? టీలోకి మీగడ ఉందా?

తాల్కె


నోయెన్‌జీల్,
జనవరి ఆఖరు

తాల్కె,

మీగడ ఉంది. చక్కెర గడ్డలూ ఉన్నాయి. నా టీ గురించి బెంగ పడకు.

సుత్తి దొరికింది. ఆ పొద్దుటిలాగే అన్నీ అమర్చాను. మంచు, ఉత్తర గాలి, ఆ మోస్తరు అలలు. చిన్న కొయ్య పడవను పెట్టాను. నేను జలాంతర్గామిని పైకి తేల్చి, ఆ ఓడ వచ్చిన దారిలోనే వస్తూ రాడార్ ముందు కూర్చున్నాను.

దూరంలో ఉండగా కనిపిస్తుంది తాల్కె. ఒక చుట్టులో మెరుస్తుంది, తర్వాతి చుట్టులో ఉండదు, మళ్ళీ మెరుస్తుంది. దగ్గరికి వచ్చేకొద్దీ అలల చుక్కల్లో కలిసిపోతుంది. జోరు తగ్గిస్తే అలలతో పాటు పడవా చెరిగిపోతుంది. కానీ దూరాన కనిపిస్తుంది! కళ్ళప్పగించి చూసేవాడికి కనిపిస్తుంది. అంటే ఆ ఓడలో ఆ పూట కాపలా ఉన్న ఆ పోలండు అధికారి చూడలేదు. కాఫీ తాగుతున్నాడో, నిద్రపోతున్నాడో.

ఆట సాక్ష్యం కాదని నాకూ తెలుసు. వకీలుతో మాట్లాడాను. అప్పీలు చేస్తే నిజమైన నిపుణుణ్ణి పిలిచి ఇదే పరీక్ష చేయిస్తారట. విచారణ మొదలైనప్పుడు ఆ అధికారి దగ్గర తీసుకున్న లైసెన్సు అప్పటిదాకా తిరిగి ఇవ్వరు. నెగ్గితే వాడు ఇక జన్మలో ఓడ ఎక్కడు. ఎక్కకూడదు.

అప్పీలు మీద భార్య సంతకం కావాలి. కాగితం ఇందులో పెట్టాను. గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపు.

ఫోల్కెర్ట్


గోటింగెన్,
ఫిబ్రవరి

మామయ్యా,

కాగితం అందింది. అక్కకు జ్వరం, నాకు వంటశాలలో రెండు పూటలా పని. తీరిగ్గా చదివి పంపుతాను.

ఇక్కడ మంచు బాగా కురిసింది. పిల్లలు బడి వాకిట్లో మంచుతో సముద్రపు సీలు బొమ్మను చేశారు, మీసాలకు చీపురు పుల్లలు గుచ్చారు. ఇక్కడి పిల్లలకు సీలు అంటే బొమ్మల పుస్తకంలో జంతువు.

ఆ పోలండు అతనికి పెళ్ళయిందా, మీకేమన్నా తెలుసా? ఊరికే అడిగాను.

తాల్కె


నోయెన్‌జీల్,
ఫిబ్రవరి ఆఖరు

తాల్కె,

వాడికి పెళ్ళయిందో లేదో నాకెందుకు? పెళ్ళయిన నా కొడుకు మట్టిలో ఉన్నాడు.

మూడు వారాలుగా టపా మనిషి కోసం వాకిట్లో నిలబడుతున్నాను. చదవడానికి అదేమన్నా గ్రంథమా, ఒక్క కాగితం. గోటింగెన్‌లో సముద్రం లేదు, బాగానే ఉంది, మనిషిని మరిచిపోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నీ వయసులో నువ్వు మరిచిపోవాలి కూడా. నేను కాదనను. కానీ మరిచిపోయే ముందు ఒక్క సంతకం చెయ్యి.

రేవులో జనం ఏమంటున్నారో నీకు తెలియదు. "రెమ్మర్ పెట్టె ఎందుకు ఆపాడంటావు ఫోల్కెర్ట్?" అని అడుగుతారు, పక్కకు చూస్తూ. అది చెడిపోయిందని నేను చెబుతాను. తల ఊపుతారు. ఆ తల ఊపడం చూస్తే నాకు రక్తం మరుగుతుంది. ఆ పొద్దున సహాయకుణ్ణి కూడా తీసుకెళ్ళలేదేమని అడుగుతారు. వాడికి జలుబు అని చెబుతాను. రెమ్మర్ నాకు అలాగే చెప్పాడు.

నీ ఆటలో మనిషి దీపం ఆర్పుకునేది దాక్కోవడానికి. నా కొడుకు ఎవరి నుంచి దాక్కోవాలి? వాడేమన్నా దొంగా?

సంతకం పంపు.

ఫోల్కెర్ట్


గోటింగెన్,
మార్చి

మామయ్యా,

మీ నుంచి.

రెమ్మర్ దాక్కున్నది మీ నుంచే. ఈ మాట రాయడానికి ఎన్ని కాగితాలు చించానో. ఇంకెలా రాసినా అబద్ధమే అవుతుంది.

సీళ్ళు పిల్లలు పెట్టే ఇసుక మేటల చుట్టూ వల వేయకూడదని గీత గీశారు కదా. ఆ గీత కోసం జాలర్ల సంఘంలో నిలబడి మాట్లాడింది మీరు. మీ చిన్ననాటి స్నేహితులు మీ మొహం మీద ఉమ్మేసినంత పని చేశారు. "మనమే తినేస్తే మన మనవలు ఏం తింటారు?" అని మీరు అన్న మాట రెమ్మర్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. గర్వంగా చెప్పేవాడు. అది మీకు తెలియాలి.

ఆ చలికాలం వలలు ఖాళీగా వచ్చేవి. మీ మోకాలు నొప్పి మొదలై మీరు పడవ ఎక్కడం మానేశాక అతను ఒంటరి అయిపోయాడు. ఒకసారి గీత దాటాడు. రొయ్యలు వేలెడు పొడవున్నాయి. ఆ రోజు ఇంటికి వచ్చి తినలేదు. తర్వాత మళ్ళీ వెళ్ళాడు. గీత దాటే ముందు పెట్టె ఆపేసేవాడు, లేకపోతే రేవు కార్యాలయం తెర మీద గీత లోపల కనిపిస్తాడు. పొద్దున్నే మీరు అక్కడికే వెళ్ళి కాఫీ తాగుతూ ఆ తెర చూస్తారుగా, ఎవరి పడవ ఎక్కడుందని. సహాయకుణ్ణి తీసుకెళ్ళలేదు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు కనుక. జలుబూ లేదు, ఏమీ లేదు.

"నాన్నకు తెలిస్తే నా మొహం చూడడు" అన్నాడు. "వచ్చే నెల నుంచి మానేస్తాను" అన్నాడు. నేను సరే అన్నాను. మాట ఇచ్చాను, చెప్పనని.

పొగమంచు దిగినప్పుడు పెట్టె మళ్ళీ వేసుకోవచ్చు. వేసుకుంటే గీత లోపలి నుంచి బయటికి వస్తున్నట్టు కనిపిస్తాడు. వేసుకోలేదు. అంతే జరిగి ఉంటుంది మామయ్యా. నాకు తెలిసింది ఇంతే.

అతను పోయాక ఈ మాట మీకు ఎలా చెప్పను? సమాధి దగ్గర మీరు నిటారుగా నిలబడి ఉన్నారు. మిమ్మల్ని చూసి, ఈయనకు మిగిలింది ఇదొక్కటే, కొడుకు మంచివాడన్న మాట, అనుకున్నాను. అది నా చేతులతో తీసేయలేక ఇక్కడికి వచ్చేశాను. సముద్రం వద్దన్నది ఒక సాకు, అంతే.

కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. ఆ పోలండు అతను ఆ పొద్దున ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. కానీ మన వైపు దీపం ఆర్పేసి ఉందని నాకు తెలుసు. తెలిసి సంతకం పెట్టలేను.

నన్ను తిట్టండి. కానీ రాయండి.

మీ తాల్కె


గోటింగెన్,
మే

మామయ్యా,

రెండు నెలలయింది. మీ పక్కింటావిడకు ఫోను చేశాను. మీరు బతికే ఉన్నారని, ఎవరితోనూ మాట్లాడటం లేదని, రేవు వైపు వెళ్ళడం మానేశారని చెప్పింది.

మా ఇంటి కంప్యూటరు సంగతి అడిగాను. ఆ గదిలో దీపం చూడలేదంది.

నాకు రెమ్మర్ మీద కోపం లేదు. మీకుంటే ఉండనివ్వండి, పోనివ్వండి. కానీ మీరు కూడా దీపం ఆర్పేసి కూర్చుంటే నేను మిమ్మల్ని ఎలా వెతుక్కోను?

తాల్కె


నోయెన్‌జీల్,
జూన్

అమ్మా తాల్కె,

నీ మీద కోపం లేదు. మొదటి వారం ఉండేది. తర్వాత వాడి మీద. తర్వాత ఆ గీత మీద. చివరికి ఎవరి మీద అని వెతికితే ఎవరూ మిగల్లేదు, ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నా కొడుకు నాకు భయపడ్డాడు. అలలకు భయపడలేదు, మంచుకు భయపడలేదు, కాఫీ తాగుతూ తెర చూసే నాన్నకు భయపడ్డాడు. ఈ మాటతో ఎలా పొద్దుపుచ్చాలో నాకింకా తెలియదు. అందుకే రాయలేదు.

ఇప్పుడు ఏం చేశానో చెబుతాను.

నిన్న విచారణ జరిగే ఎమ్డెన్ వెళ్ళాను. అప్పీలు వెనక్కి తీసుకోవడానికి వకీలు చాలు, నేను వెళ్ళనక్కరలేదు. కానీ వెళ్ళాను. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నిలబడి చెప్పాను. నా కొడుకు గీత లోపల వల వేసేవాడు, పెట్టె కావాలని ఆపాడు, అది చెడిపోలేదు అని చెప్పాను. మధ్యలో కూర్చున్న ఆవిడ, "గట్టిగా చెప్పనవసరం లేదండి, వినపడుతోంది" అంది. నేను అరుస్తున్నానని నాకు తెలియదు. ఇదెవరు చెప్పారని అడిగారు. నాకు తెలుసు అన్నాను, నీ పేరు తేలేదు. రాసుకున్నారు. ఆ అధికారి లైసెన్సు ఆ పూటే తిరిగి ఇచ్చేశారు.

రేవులో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. తెలియనీ. సంఘంలో నన్ను తిట్టినవాళ్ళకు పండగ. కానీ ఒక సంగతి చూశాను. పొద్దున రేవు మీదికి వెళితే తల ఊపి పక్కకు చూసినవాడు ఎవడూ లేడు. ముసలి హిన్రిక్, ఆ గీత గీసిన నాడు నాతో మాటలు మానేసినవాడు, వచ్చి పక్కన కూర్చుని, "ఆ చలికాలం నావి కూడా ఖాళీయేరా" అన్నాడు. చాలాసేపు కూర్చున్నాడు.

ఎమ్డెన్‌లో మెట్ల దగ్గర ఆ పోలండు మనిషి నా కోసం కాచుకుని ఉన్నాడు. పేరు లెషెక్. నేను ఎవణ్ణి ద్వేషించానో అతను కాదు ఇతను. సన్నగా ఉన్నాడు, కోటు వేలాడుతోంది. నువ్వు అడిగావు కదా, పెళ్ళయింది, ఓ ఆడపిల్ల. ఏడాదిగా గోదాములో పెట్టెలు మోస్తున్నాడట.

కృతజ్ఞతలు చెబుతాడనుకున్నాను, అది భరించలేనని తప్పించుకోబోయాను. చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యా, ఒక్క మాట. నేను లోపల చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పొద్దున నేను రాడార్ ముందే ఉన్నాను. ఎక్కడికీ పోలేదు. గీత తిరుగుతుంటే ఒక్క చుట్టులో ఏదో మెరిసింది. చిన్నది. తర్వాతి చుట్టులో లేదు. ఆ తర్వాతా లేదు. అల అనుకున్నాను. అల కాదేమో అయ్యా. పడుకుంటే చాలు, అదే మెరుస్తుంది. మీరు సముద్రం మనిషి. మీరు చెప్పండి. అది అలేనా?"

తాల్కె, చలికాలమంతా నేను వెతికింది ఆ చుక్కనే. ఇదిగో, అతనే నా చేతిలో పెడుతున్నాడు. ఆ మెట్లు ఎక్కి వెనక్కి వెళ్ళి ఆ మాట చెబితే చాలు. అతను ఆపడు కూడా. ఆపాలని లేదు అతనికి, మొహం చూస్తే తెలుస్తోంది. నేను ఏదో ఒకటి చెబితే చాలు, ఏదైనా సరే, అన్నట్టు నిలబడ్డాడు.

ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను కదా. వంద చుక్కలు మెరుస్తాయి, వందా ఆరిపోతాయి. వాటిలో ఒకటి మనిషి అని ఏ చుక్కా చెప్పదు. చెప్పే పెట్టెను నా కొడుకు ఆపేశాడు.

"అలే," అన్నాను. "మార్చిలో ఉత్తర గాలికి అలా మెరుస్తుంటాయి. ఒక్క చుట్టులో ఉండి పోతే అది అలే. నేను ఎన్ని చూశానో లెక్క లేదు. ఇక పడుకో బాబూ."

"నిజంగానా?" అన్నాడు.

"నేను ముసలివాణ్ణి, నీకు అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను?" అన్నాను.

ఏడ్చాడు. మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. నా భుజం మీద తల పెట్టి, వీధి మెట్ల మీద, అంత మనిషి ఏడ్చాడు. రెమ్మర్‌ను అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు రాలేదు. తర్వాత రైలుకు వేళయిందని వెళ్ళిపోయాడు.

నీకు ఒక్కదానికే చెబుతున్నాను. అది అల కాదు తాల్కె. అల కాదనే నా మనసుకు తెలుస్తోంది. ఆ పొద్దున మంచులో మనవాడు ఒక్క చుట్టు సేపు ఎవరికో కనిపించాడు.

ఈ మాట ఇక ఎవరితోనూ అనకు.

మీ మామయ్య
ఫోల్కెర్ట్